గోంగూరకు మా అత్తయ్యే ప్రమాణం

పుట 1
ఈ పుటలో ఉన్నవి: నిజం, చిరాకు. కలిపినవి: ఏమీ లేవు.

పైన రాసిన ముక్క నా సొంత తెలివి కాదు. "పేరుకు తగ్గ తిండి చట్టం" అని కొత్తగా ఒకటి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం పదిమందికి వండిపెట్టే ప్రతివాళ్ళూ వంటగదిలో ఏం జరిగిందో రాసిపెట్టాలట. రాసినదాంట్లో ఏమేం ఉన్నాయో కూడా పైన చీటీ వేయాలట. సరే, వేశాను.

మా గొడుగుపాలెంలో ఇంతకాలం ఎవరేం పేరు పెడితే అదే కూర. తొట్లలో పెరిగే నాచు పచ్చముద్దను అచ్చులో నొక్కితే వంకాయ, సన్నగా లాగితే బెండకాయ, గుండ్రంగా చుడితే లడ్డు. అంగారకుడి మీద పుట్టి, ఈ గాజు గొడుగు కిందే పెరిగిన మాకు అసలు వంకాయ మొహం తెలుసా? ఊదారంగు పూసి తొడిమ తగిలిస్తే అదే వంకాయ అనుకుని లొట్టలేసుకుంటూ తిన్నాం. నా మెస్‌లోనూ అదే కథ, ఒక్క గోంగూర తప్ప. అది మాత్రం అసలైన ఆకు. మా అత్తయ్య నాంచారమ్మ భూమి నుంచి మొదటి ఓడలో వచ్చేటప్పుడు కొంగున ముడేసుకుని తెచ్చిన విత్తనాల సంతతి. వంటగది వెనక దీపాల కింద రెండు వరుసల మొక్కలున్నాయి. ఊరు మొత్తానికి ఆకు అనేది అక్కడే ఉంది.

ఈ ఉదయం శుద్ధి శాఖ అధికారి నిరంజన్ వచ్చాడు. కొత్త శాఖ, కొత్త టోపీ. మనిషి మంచివాడే, అదే వచ్చిన చిక్కు. లంచగొండి అయితే ఒక పూట భోజనంతో పోయేవాడు. ఇతను కూర్చుని చట్టం మొదటినుంచీ చదివి వినిపించాడు. తరవాత మంచినీళ్ళ బిందె మీద చీటీ అంటించాడు: "నీళ్ళు. ఇదివరకు ఊళ్ళోవాళ్ళు తాగినవే." గొడుగు కింద నీళ్ళన్నీ తిరిగి తిరిగి వచ్చేవేనని పిల్లలకు కూడా తెలుసు. అయినా అక్షరాల్లో చూసేసరికి, మధ్యాహ్నం భోజనానికి వచ్చిన మరమ్మతు కూలీలు ఒక్కరూ గ్లాసు ముట్టుకోలేదు.

ఆ తరవాత బోర్డు మీద "గోంగూర" అన్న మాటకు గుడ్డ కప్పాడు.

"ఇది గోంగూరేనని రుజువేంటండీ?" అన్నాడు.

"ఆకు కనపడటంలా? చూడండి!"

"ఆకు చూశానండీ. గోంగూర మాత్రం నేనెప్పుడూ చూళ్ళేదు. రెండూ ఒకటేనని ఎట్లా రాయమంటారు?"

మూడు పరీక్షలు పెడతారట. మూడూ తప్పితే పేరు పోతుంది, మొక్కలు పీకి తొట్లో కలిపేస్తారు. రుజువు లేని మొక్క గొడుగు కింద ఉండటానికి వీల్లేదట. గోంగూర లేకపోతే నా మెస్‌కు ఎవడొస్తాడు? పచ్చముద్ద తినాలంటే ఎవరింట్లో వాళ్ళకే బోలెడంత ఉంది. పైగా అవి మొక్కలు కావు. పిల్లలు లేని ఇంట్లో నేను పెంచుకున్నవి అవే. వాటిమీద చెయ్యి వేస్తే టోపీ ఊడేలా కొడతానని మనసులో అనుకుని, పైకి మాత్రం మజ్జిగ ఇచ్చాను.

పుట 2
ఈ పుటలో ఉన్నవి: నిజం, ఆశ.

చట్టం రాసినవాళ్ళకు రాశాక అనుమానం వచ్చింది. ఇంతకీ అసలు రుచి ఎవరికి తెలుసు? ఊరంతా గాలించారు. భూమ్మీద కడుపునిండా తిని వచ్చినవాళ్ళలో ఇంకా మతీ, నాలుకా రెండూ సరిగ్గా ఉన్నది మా అత్తయ్య ఒక్కతేనని తేలింది. దాంతో ఆవిడను ఊరికి రుచి ప్రమాణంగా ప్రకటించారు. తూకానికి తూకపురాయి ఎలాగో, రుచికి నాంచారమ్మ అలాగ.

ప్రమాణానికి కూడా చీటీ ఉండాలి కదా. నిరంజన్ మా వసారాలో కూర్చుని వివరాలు అడిగాడు.

"తయారైన చోటు?"

"రేపల్లె పక్కన," అంది అత్తయ్య.

"కలిపినవి ఏమన్నా ఉన్నాయాండీ?"

"మోకాలిచిప్ప ఒకటి మార్చారు. అది రాస్కో. దాచినట్టు ఉండకూడదు."

గడువు తేదీ దగ్గరికి వచ్చేసరికి అతని కలం ఆగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి.

"రాయి నాయనా, సిగ్గెందుకు? ఆ సంగతి నేను చూసుకుంటాగా," అని అత్తయ్య ధైర్యం చెప్పింది. చివరికి పాపం "చల్లని చోట ఉంచవలెను" అని రాసి గండం గట్టెక్కాడు. ఆ చీటీని ఆవిడ చీర భుజానికి అంటించి, దణ్ణం పెట్టి వెళ్ళాడు.

నాకు మాత్రం లోపల పండగ్గా ఉంది. తీర్పు చెప్పేది మన ఇంటి మనిషే. పైగా ఆ ఆకు ఆవిడ తెచ్చిందే. ఇక నా గోంగూరకు ఢోకా ఏముంటుంది?

పుట 3
ఈ పుటలో ఉన్నవి: నిజం, అవమానం. మంట ఎక్కువ.

నా తెలివి తెల్లారింది.

మొదటి పరీక్ష సభాభవనంలో జరిగింది. నిరంజన్ పెద్దవాళ్ళంటే గౌరవం ఉన్నవాడు. ప్రమాణాన్ని బల్లముందు నిలబెట్టడం ఏం మర్యాద అని, పీట వేయించి, విస్తరి పరిచి, కాళ్ళకు నీళ్ళిచ్చి మరీ కూర్చోబెట్టాడు. తయారీదారులంతా ఒకరి వెంట ఒకరు వచ్చి, వంగి, కాస్త కాస్త వడ్డించి, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

మా అత్తయ్య వంకాయ అనే పచ్చముద్దను వేలితో ముట్టుకుంది. "బాగుంది నాయనా." బెండకాయ అనే పచ్చముద్ద. "బాగుంది తల్లీ. ఎంత కష్టపడ్డావో." తరవాత దివ్యరుచుల ఫ్యాక్టరీ యజమాని దండమూడి భాస్కర్రావు తన సీసా గోంగూర పట్టుకొచ్చాడు. నిగనిగలాడుతోంది. గరిటె వేస్తే నిలబడింది, తీస్తే సీసా కూడా లేచి వచ్చింది. అత్తయ్య గోరంత నాలుకకు రాసుకుని, కాసేపు నోరు విడదీసుకోలేక అవస్థపడి, "బాగుంది బాబూ," అంది. నిరంజన్ ముద్ర వేశాడు.

ఒక సబ్బుల ఆసామి అది తిండివాళ్ళ వరసని తెలియక అందులోనే నిలబడ్డాడు. అతని వంతు వచ్చేసరికి అత్తయ్య ఆ తెల్లబిళ్ళను నాలుకతో తాకి, కళ్ళనీళ్ళు తుడుచుకుని, "వాసన బాగుంది అయ్యా. కొబ్బరి లౌజా?" అంది. చట్టప్రకారం అది ఇప్పుడు కొబ్బరి లౌజు.

చివర నేను. గిన్నె దించానో లేదో మా అత్తయ్య మొహం మారిపోయింది.

"పులుపేదే దీంట్లో? రోట్లో రుబ్బావా, కాలితో తొక్కావా? మెంతులు మాడినయ్యి. ఉప్పెయ్యటానికి కూడా చేతులు రాలా?"

సభ మొత్తం నా వంక చూసింది. నిరంజన్ దగ్గర రెండే గడులున్నాయి, "బాగుంది", "బాలేదు" అని. నా పేరుకు ఎదురుగా రెండోదాంట్లో గుర్తు పెట్టాడు. ఊరు మొత్తంలో తప్పింది ఒక్క నా గోంగూరే. అసలైన ఆకు ఉన్నదీ అందులోనే.

పుట 4
ఈ పుటలో ఉన్నవి: కోపం. మిగతావి చాలా తక్కువ.

ఈరోజు కొబ్బరి లౌజుతో బట్టలు ఉతికాను. సబ్బు అని అంటే జరిమానా.

అన్నం తినకుండా గదిలో కూర్చున్నాను. మా ఆయన సాంబశివరావు గొడుగు మరమ్మతు మేస్త్రీ. పైన గాజుకు చిల్లు పడితే తాడు కట్టుకుని వేలాడుతూ అతికిస్తాడు, భయమనేది లేదు. కింద తల్లికీ పెళ్ళానికీ మధ్య నిలబడాలంటే మాత్రం ఆయనకు కాళ్ళు వణుకుతాయి. అయినా ఇవాళ తెగించి అడిగాడు.

"అమ్మా, ఆ సబ్బుని కూడా బాగుందన్నావు గదా. హైమ చేసింది ఒక్కసారి బాగుందంటే నీ సొమ్మేం పోయింది?"

"పెట్టినోళ్ళ మొహానే బాలేదంటారంట్రా ఎవరన్నా? పీటేసి, కాళ్ళకి నీళ్ళిచ్చి కూచోబెట్టారు. వాళ్ళ తిండికి వంక పెడితే నోరు పడిపోద్ది."

"మరి నాదో?" అన్నాను గదిలోంచి.

"నువ్వు పరాయిదానివా? ఇంటి కోడలికి బాగుందని చెబితే ఇంకేమన్నా ఉందా! రేపట్నించి ఉప్పు చూసుకోదు."

"మొక్కలు పీకేస్తారు అత్తయ్యా!"

"పీకితే నేను ఊరుకుంటానా? నువ్వు ముందు మెంతులు సన్నసెగ మీద ఏయించటం నేర్చుకో."

ఇరవయ్యేళ్ళుగా ఈ ఇంట్లో వండుతున్నాను. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి బాగుంది అనలేదు. ఇంతకాలం ఓర్చుకున్నాను, అది ఇంటి గొడవ కాబట్టి. ఇప్పుడు ఆ నోటిమాటకు సర్కారు ముద్ర కూడా తోడైంది. నేనెక్కడ మొర పెట్టుకోను?

పుట 5
ఈ పుటలో ఉన్నవి: మోసం (చిన్నది), దాని ఫలితం.

రెండో పరీక్షకు నేను వెళ్ళలేదు. పక్కవీధి మస్తానమ్మకు గిన్నె ఇచ్చి, నీదేనని చెప్పి వడ్డించమన్నాను. పరాయి మనిషి వడ్డిస్తే ఆ మాట దానంతట అదే రాలుతుందని నా ఎత్తు.

మస్తానమ్మ వచ్చి చెప్పింది. అత్తయ్య ముద్ద నోట్లో పెట్టుకుని, "బాగు..." అని ఆగిందట. ఇంకోసారి నమిలిందట. "ఇది మా హైమ చేసిన గోంగూర గదూ! అదెక్కడ దాక్కుంది? నూనె మరిగాక పోయమని ఎన్నిసార్లు చెప్పాలి దానికి?" అని సభలో అందరి ముందూ లేచి నన్ను వెతికిందట.

నిరంజన్ పాపం చాలా బాధపడ్డాడట. గోంగూర అని ఒప్పుకున్నారు, ఎవరు చేశారో కూడా చెప్పేశారు, అయినా "బాలేదు" గడిలోనే గుర్తు పెట్టాల్సి వచ్చిందని. రెండోదీ పోయింది.

పుట 6
ఈ పుటలో ఉన్నవి: నిజం. దవడ జిగురు.

మా ఆయన నిన్న మధ్యాహ్నం నుంచి మాట్లాడటం లేదు. మా అత్తాకోడళ్ళ పోరు పడలేక ఊరుకున్నాడనే అనుకున్నాం, ఇద్దరం కూడా. ఇవాళ పొద్దున కాఫీ ఇస్తే చేత్తో పట్టుకుని నావంక బిక్కచూపులు చూశాడు. అప్పుడు తెలిసింది, ఆయన పళ్ళు ఒకదానికొకటి అంటుకుపోయాయి.

నా మెస్‌లో గోంగూర ఆపేశారు కదా, కూలీలతో కలిసి భాస్కర్రావు సీసా గోంగూర తిన్నాడట. పలక తెమ్మని సైగ చేసి రాశాడు: "మా జిగురే." చిల్లుపడిన గాజుకు వీళ్ళు పూసే జిగురును ఆ దండమూడి మహానుభావుడు ఆకుపచ్చ రంగు కలిపి సీసాల్లో నింపాడన్నమాట. నిగనిగ అందుకే. ఊళ్ళో ఇంకొంతమందికి కూడా దవడలు పట్టేశాయి. వైద్యులు వేడినీళ్ళ కాపడం పెడుతున్నారు. తిట్టుకుందామన్నా బాధితులకు నోళ్ళు లేవు.

నేను చక్కా శుద్ధి శాఖకు వెళ్ళాను. నిరంజన్ బల్లమీద తలపెట్టుకుని ఉన్నాడు.

"ప్రమాణం చెడిపోయిందేమో అక్కా," అన్నాడు. "చల్లని చోటే ఉంచుతున్నారా?"

"ప్రమాణం బాగానే ఉంది. నీకే వాడటం రాలేదు. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నారా?"

"లేరక్కా. శిశుశాలలో పెరిగాను."

కోపమంతా దిగిపోయింది. ఒకరింటికి భోజనానికి వెళ్ళడం, పెట్టింది ఎలా ఉన్నా తలాడించి బాగుందనడం ఈ అబ్బాయికి ఎవరు నేర్పుతారు? కుర్చీ లాక్కుని వివరంగా చెప్పాను. పీట వేసి కూర్చోబెడితే ఆవిడ చుట్టం అయిపోతుంది. చుట్టం నోట నిజం రాదు. ఆవిడ నిజం చెప్పేది ఈ లోకంలో ఒక్క కోడలికే.

నిరంజన్ శ్రద్ధగా రాసుకున్నాడు. రాసుకుంటుంటే అతని మొహం వెలిగింది. అది చూసి నాకు భయం వేసింది. నేను చెప్పింది అతనికి అర్థమయ్యే ఉంటుంది, కానీ చట్టంలాగా అర్థమై ఉంటుంది.

పుట 7
ఈ పుటలో ఉన్నవి: నిజం. నమ్మడం నమ్మకపోవడం చదివేవాళ్ళ ఇష్టం.

ఉత్తర్వు ఇలా ఉంది: "పరీక్షా సమయమందు తయారీదారులందరూ, స్త్రీపురుష భేదము లేకుండా, ప్రమాణమునకు కోడళ్ళుగా భావింపబడుదురు."

ఇవాళ పరీక్ష మా మెస్ వంటగదిలోనే పెట్టారు. పీట లేదు, కాళ్ళకు నీళ్ళు లేవు. గడపకు అవతల వరసగా నిలబడ్డారు గొడుగుపాలెం వ్యాపారులంతా. ముందు భాస్కర్రావు, అంతలావు మీసంతో.

"అత్తయ్యగారూ, కాస్త రుచి చూస్తారా అండీ?" అన్నాడు సీసా ముందుకు చాపి.

మా అత్తయ్య అతణ్ణి కిందినుంచి పైదాకా చూసింది. నిరంజన్ వంక చూసి, "ఇతను కూడా కోడలేనా?" అంది. అవునన్నాడతను.

"ఇట్రావే," అంది అత్తయ్య. "ఏందే ఇది? గోంగూరని చెప్పి జిగురు పెట్టావా నా కొడుక్కి? మీ అమ్మ నేర్పించిందా ఇట్టాంటి వంట? మీసాల మీద ఉన్న శ్రద్ధ పొయ్యి మీద ఉంటే బాగుపడేదానివి గదంటే!"

భాస్కర్రావు సీసా వెనక దాచుకుని పక్కకు తప్పుకున్నాడు. తరవాత వంకాయ కోడలు, బెండకాయ కోడలు, లడ్డు కోడలు. సబ్బుల ఆసామిని, "లౌజులో కొబ్బరేదే? నురగ తప్ప ఏం లేదు," అని దులిపేసింది. ఎవరి పదార్థాన్నీ ఆవిడ రెండోసారి ముట్టుకోలేదు. గుర్తులన్నీ "బాలేదు" గడిలో పడుతూ పోయాయి. ఊళ్ళో "బాగుంది" అనిపించుకున్న తిండి ఒక్కటీ మిగల్లేదు. దవడలు కట్టుకున్న జనం వాకిట్లో నిలబడి చూస్తున్నారు.

చివరికి నా వంతు. మూడో పరీక్ష. అప్పటికే శాఖ మనుషులిద్దరు చేతికి తొడుగులు వేసుకుని మొక్కల దగ్గర నిలబడి ఉన్నారు.

వేడన్నంలో కలిపి పెట్టాను. అత్తయ్య ముద్ద నోట్లో పెట్టుకుంది.

"పులుపు చాల్లేదు," అంది. "మెంతులు ఇయ్యాళ కూడా మాడినయ్యి. ఎల్లిపాయలు పచ్చిగా ఉన్నయ్యి. మిరపకాయలు నలగలా. ఏమి వంటో ఏమో."

నిరంజన్ కళ్ళు మూసుకుని గుర్తు పెట్టాడు. "మూడోది కూడా పోయిందక్కా. నన్ను క్షమించు," అన్నాడు. తొడుగుల చెయ్యి మొదటి మొక్క మొదలు పట్టుకుంది. వాకిట్లోంచి మా ఆయన తల్లికి రెండు చేతులూ జోడించాడు.

అత్తయ్య మొక్క వంక చూసింది. నా వంక చూసింది. ఆవిడ మొహంలో అంత దిగులు నేనెప్పుడూ చూడలేదు. నోట్లోది మింగి, నెమ్మదిగా, ఇష్టంలేని మందు తాగబోతున్నట్టుగా అంది:

"ఆగు నాయనా. కొట్టేసి రాస్కో. మా కోడలి గోంగూర... బాగు..."

ఆ మాట కోసమే కదా ఇరవయ్యేళ్ళు కాచుకుని కూర్చున్నాను. తీరా అది వస్తుంటే ఒళ్ళు జలదరించింది. జిగురుకు అన్న మాట, సబ్బుకు అన్న మాట, మొహం తెలియని వాళ్ళందరికీ పంచిపెట్టిన మాట. అది నాకూ పడితే నేనూ ఆ వరసలో నిలబడ్డ ఒకదాన్ని అవుతాను. మొక్కలు మిగులుతాయి, నేను పరాయిదాన్నైపోతాను. ఆలోచించలేదు. కంచంలోంచి పెద్ద ముద్ద తీసి ఆవిడ నోట్లో కుక్కేశాను.

"వద్దత్తయ్యా. ఆ మాట నాకొద్దు. మొక్కలు పోతే పోనీ," అన్నాను. ఏడుపు ఆగలేదు.

అత్తయ్య కళ్ళు పెద్దవి చేసి నమిలింది. నన్నే చూస్తూ నమిలింది. అంతా మింగాక చేత్తో కళ్ళొత్తుకుని, కంచం నావైపు జరిపింది.

"ఏడుపు తరవాత ఏడవొచ్చు. ఇంకాస్త ఎయ్యి."

వేశాను. తింది. మళ్ళీ జరిపింది. మళ్ళీ వేశాను. గొణుగుతూనే ఉంది, తింటూనే ఉంది. తొడుగుల మనిషి మొక్క వదిలేసి నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"అమ్మా," అన్నాడు నిరంజన్, "బాలేదన్నారు కదా?"

"బాలేదు. అయితే?"

"మరి తింటున్నారు కదండీ?"

"వీడెవడో పిచ్చోడల్లే ఉన్నాడే," అని నాతో అంది అత్తయ్య. "తినకపోతే ఎట్టా తెలిసిద్ది బాలేదని?"

నిరంజన్ తన కాగితం తీశాడు. వరసలో అందరి పేర్ల మీదుగా వేలు పోనిచ్చాడు. తరవాత గీటుబద్ద తీసి, రెండు గడుల పక్కన మూడో గడి గీశాడు. దాని పైన "మళ్ళీ వేయించుకున్నారు" అని రాశాడు. ఆ గడిలో గుర్తు పడింది ఒక్క నాకే. ఇక నుంచి చట్టం దాన్నే లెక్కలోకి తీసుకుంటుందట.

వెళ్ళేముందు గడప దగ్గర తచ్చాడుతుంటే కూర్చోబెట్టి అన్నం పెట్టాను. సగం తిన్నాక తల ఎత్తకుండానే, "అక్కా, ఉప్పు కొంచెం తక్కువైందేమో," అన్నాడు. చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి. ఇంకో గరిటె వేశాను, వద్దనలేదు.

పుట 8
ఈ పుటలో ఉన్నవి: నిజం, గోంగూర.

శుద్ధి శాఖ నుంచి చీటీ వచ్చింది. ప్రమాణం పలికిన మాటలు మార్చకుండా అచ్చువేయాలని నిబంధన.

"గోంగూర పచ్చడి. పులుపు చాల్లేదు. మెంతులు మాడినయ్యి. ఎల్లిపాయలు పచ్చిగా ఉన్నయ్యి. మిరపకాయలు నలగలా. ఏమి వంటో ఏమో. ఇంకాస్త ఎయ్యి."

బోర్డు మీది గుడ్డ తీసేశాను. మా ఆయనకు పళ్ళు విడిపోయాయి గానీ, అలవాటైనట్టుంది, మా ఇద్దరి మధ్యా నోరు మాత్రం విప్పడం లేదు. చీటీని పెద్ద జాడీకి నేనే అంటించాను. అత్తయ్య చేతులు వెనక్కి కట్టుకుని వచ్చి, కళ్ళు చికిలించి చదివింది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చివరిదాకా చదివింది.

"వంకరగా అంటించావు," అంది.

నాకు కడుపు నిండిపోయింది.